చరణం అడగడానికొచ్చిన మాస్టారు

మా కోలాటం మాస్టారు పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను ఎవరిదో పెళ్ళిజాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను. నాగమణి పిన్ని వీధిలోంచే కేకేసింది. ఆవిడ నాకు చుట్టం కాదు. మా ఊరి కోలాటం బృందానికి లీడరు, అందుకని అందరికీ పిన్నే. "మాస్టారు పోయారంట అమ్మాయ్! పొద్దున్నే బందర్నించి ఫోనొచ్చింది" అంటూ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న హుక్కు కుట్టడం పూర్తిచేసి, దారం తెంపి, "పోనీలే పిన్నీ, ఇంక ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేరు" అన్నాను. పిన్ని ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. ఆ మాట ఆవిడకి తగలాలనే అన్నాను. తగిలింది.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ముందు భయమేసింది. పొగిడితే ఆయనకి పడదు. ఉన్నదున్నట్టు రాస్తే, ఇలాంటి మనిషినా నువ్వు తలుచుకుంటున్నావని మీరంటారు. నా పట్ల ఆయన చాలా కఠినంగా ఉన్నారు. కొన్నిసార్లు కఠినం అన్న మాట కూడా సరిపోదు. అయినా ఇవాళ నేను పాటలు రాస్తున్నానంటే అది ఆయన వల్లే.

మా వైపు, ఇటు పెడన నుంచి అటు దివిసీమలో కోడూరు దాకా, ఏ ఊరెళ్ళినా ఆడవాళ్ళ కోలాటం బృందం ఒకటి ఉంటుంది. ఒకే రంగు చీరలు, తలల్లో ఒకే రకం పూలు, చేతుల్లో కోలలు. అమ్మవారి సంబరమైనా, స్వామివారి కల్యాణమైనా, ఆఖరికి ఎవరైనా నాయకుడు ఊళ్ళోకొచ్చినా ముందు నడిచేది వాళ్ళే. వాళ్ళకి పాటలు కట్టి, అడుగులు నేర్పి, తప్పుపడితే తిట్టే మాస్టార్లు ఉంటారు. మా మాస్టారిది బందరు. పాత మోపెడ్ మీద ఊరూరూ తిరిగేవారు. చొక్కా కాలరు లోపల మడతపెట్టిన జేబురుమాలు, మెళ్ళో నల్లతాడుకి విజిల్. టీ ఇస్తే సాసర్లో పోసుకుని తాగి, ఖాళీ కప్పు మీద వేళ్ళతో తాళం వేస్తూ మా వంక చూసేవారు. ఆ చూపుకే సగంమందిమి అడుగులు మర్చిపోయేవాళ్ళం.

గూడూరు దగ్గర మా ఊరికి నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో, సాయంత్రాలు తోచక బృందంలో చేరాను. ఒకరోజు ఏదో పాటలో పెద్ద సంస్కృతం మాట వచ్చింది. అది పలుకుతూ వంగి, తిరిగి, పక్కావిడ కోలకి కోల తగిలించాలి. నాకు ఊపిరి అందలేదు. "ఇక్కడ గాలి పీల్చుకోడానికి చోటు లేదండీ" అన్నాను. అందరూ బిగుసుకుపోయారు. ఆయన విజిల్ తీసి, "అయితే చోటున్న పాట నువ్వు రాసుకురా" అన్నారు.

పౌరుషం కొద్దీ రాసుకెళ్ళాను. ఆయన ఆ కాయితం తీసుకుని కరెంటు బిల్లు చదివినట్టు చదివారు. ఆడవాళ్ళు నవ్వారు. "నవ్వకండమ్మా, ఆడండి" అన్నారు. ఆడారు. మూడో వరస దగ్గరికొచ్చేసరికి కోలలన్నీ ఎక్కడివక్కడ గందరగోళంగా మోగాయి. మళ్ళీ ఆడించారు. మళ్ళీ అక్కడే. నన్ను దగ్గరికి పిలిచి అందరికీ వినబడేట్టు అన్నారు. "ఇక్కడ నీకు మాట దొరకలేదు. దొరికిందేదో తెచ్చి కుక్కావు. నువ్వు దాచినా కాళ్ళు దాచవు. పాట నడిచేవాళ్ళ కోసం రాయాలి, కూర్చున్నవాళ్ళ కోసం కాదు."

ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయన దగ్గర ఏడ్చాను. ఆయన ఊరి చివర రొయ్యల చెరువు లీజుకి తీసుకుని చేసేవారు. చేతులు కడుక్కుంటూ, "ఎందుకేడుస్తావ్? రేపు ఇంకోటి రాసుకెళ్ళి ఆయన మొహాన కొట్టు" అన్నారు. మర్నాడు ఇంకోటి రాసుకెళ్ళాను. మాస్టారు చూసి "కాదు" అన్నారు. అది ఆయన మాట. పల్లవి చూసి కాదు, చరణం చూసి కాదు, ఒక్కోసారి కాయితం మడత విప్పకుండానే, నా మొహం చూసి కాదు. ఆయన నోట బాగుందన్న మాట నేనెప్పుడూ వినలేదు. కాదు అనకుండా తరువాత వరసకి వెళ్ళిపోతే, ఆ వరస బతికిందని నాకు నేనే అనుకునేదాన్ని.

అలా కొన్నేళ్ళు గడిచాయి. నా పాటలకి మా ఊరి బృందం ఆడటం మొదలుపెట్టింది. ఒక ఏడాది అమ్మవారి సంబరానికి కొత్త పాట కావాలన్నారు. "చల్లంగ చూడమ్మ చక్కనీ తల్లి, పసుపు కుంకాలిచ్చి కాపాడు తల్లి" అని పల్లవి రాశాను. మాస్టారు కాదు అనలేదు. "చరణాలు తే" అన్నారు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటున్నాను. ఈలోగా ఒక తెల్లవారుజామున చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటరు ఆగిపోయిందని మా ఆయన నీళ్ళలోకి దిగారు. ఎక్కడో వైరు తెగి ఉంది. కరెంటు కొట్టింది. గట్టు మీదికి తీసేసరికే అంతా అయిపోయింది.

దినకార్యం అయిన మర్నాడు మాస్టారు వచ్చారు. ఇంటినిండా చుట్టాలు. ఓదార్చడానికొచ్చారనుకుని మా అన్నయ్య కుర్చీ వేశాడు. ఆయన కూర్చున్నారు. తరువాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, సంబరం దగ్గరికొస్తోంది. చరణాలు ఏవి?" అన్నారు.

అది ఏ పల్లవో మా ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. మా అన్నయ్య లేచి ఆయన చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "మనిషేనాండీ మీరు? ఇంకోసారి ఈ గడప తొక్కితే మర్యాద దక్కదు" అన్నాడు. ఆయన లేచి, నాకే చెబుతున్నట్టు "వచ్చే వారం వస్తాను" అని వెళ్ళిపోయారు.

వచ్చే వారం నిజంగానే వచ్చారు. అన్నయ్య అప్పటికి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. నేను తలుపు తీయలేదు. అరుగు మీద కూర్చుని, "రాశావా?" అని కిటికీలోంచి అడిగారు. ఆ పై వారం కూడా అంతే. ఆయన్ని తలుచుకుంటే ఒళ్ళు మండిపోయేది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా నన్ను చూసి జాలిపడేవాళ్ళు. మంచినీళ్ళు కూడా నా చేత తెప్పించుకునేవాళ్ళు కాదు. కూర్చో తల్లీ, కూర్చో తల్లీ అంటూ నన్ను ఒక మూల సామాను చేసేశారు. నన్ను పని అడిగిన మనిషి ఆయనొక్కడే.

అందుకే, ఆయన మీద కోపంతోనే, కుట్టుమిషను ముందు కాయితం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు. రాయడం రాకపోతే ఎలా ఉంటుందో రాసేవాళ్ళకి తెలుస్తుంది. బుర్ర ఖాళీగా ఏమీ ఉండదు. నిండా మాటలే ఉంటాయి. ఏ మాట పట్టుకున్నా అది చచ్చిన చేపలా చేతిలోంచి జారి పడుతుంది. చల్లని తల్లి అని రాస్తాను, చెయ్యి ఆగిపోతుంది. దీవించు అని రాస్తాను, కొట్టేస్తాను. ఇంక నా వల్ల కాదు, పాట నన్ను వదిలేసిందనుకున్నాను.

ఆయన మళ్ళీ వచ్చినప్పుడు తలుపు తీశాను. తిట్టి పంపేద్దామనే తీశాను.

"రావట్లేదండీ. ఒక్క ముక్క రావట్లేదు. సరేనా? ఇంక రాకండి" అన్నాను.

"చరణం రావట్లేదంటే తప్పు చరణంలో ఉండదు. వెనక్కెళ్ళి పల్లవి చూసుకో" అన్నారు.

"ఏం చూసుకోమంటారండీ? పసుపు కుంకాలు కాపాడు తల్లీ అని నేను పాడుకోవాలా? అంతంత కళ్ళున్నాయిగా ఆవిడకి, ఆ పొద్దున ఎటు చూస్తోందండీ? మా ఆయన నీళ్ళల్లో పడి కొట్టుకుంటుంటే ఎటు చూసిందండీ?"

వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆయన మొహంలో ఏ జాలీ లేదు. విన్నది కోలలకి సరిపోతుందా లేదా అని తూకం వేస్తున్నట్టు కొంచెం తల వంచి, "ఇప్పుడన్నావే, అది రాయి. ఆ పల్లవి అబద్ధమైపోయింది. కొట్టెయ్" అన్నారు. మోపెడ్ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు.

నేను ఆ అరుగు మీదే కూర్చుని రాశాను. "ఇంతింత కళ్ళు పెట్టుకుని ఎటు చూసినావమ్మా, ఇల్లాలు ఏడిచేవేళ ఎటు చూసినావమ్మా." ఆ తరువాత చరణాలు నన్ను అడగలేదు. వాటంతటవే వచ్చి పడ్డాయి. అమ్మవారిని అన్నన్ని మాటలనడం తప్పేమో అని భయపడుతూ ఇస్తే, మాస్టారు చివరి దాకా చదివారు. ఒక్కచోట కూడా కాదు అనలేదు. ఆఖరి చరణంలో ఏడుపు ఎక్కువైన ఒక వరస మాత్రం వేలుపెట్టి చూపించి, "ఇది నీ కోసం రాసుకున్నావు. తీసెయ్" అన్నారు. తీసేశాను.

ఇక్కడితో ఆపేస్తే మాస్టారు మంచివారిగా మిగిలిపోతారు. కానీ ఇంకా ఉంది.

సంబరానికి ముందు నాగమణి పిన్ని వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "పాట నీదే తల్లీ, కాదనట్లేదు. కానీ అమ్మవారి ముందు ఆడటమంటే... ఏమనుకోమాక, నలుగురూ నాలుగు రకాలుగా అంటారు" అంది. ఆ నలుగురిలో ఆవిడా ఒకరని చెప్పలేదు. మాస్టారు ఒప్పుకోరని నా ధైర్యం. ఆయన రాగానే చెప్పాను. ఆయన విని, "ఆడకపోతే ఆడకు. నాకు నీ కాళ్ళతో పని లేదు" అన్నారు.

సంబరం రోజున నేను మైకు పెట్టిన ఆటో పక్కన నిలబడి చూశాను. ఆ పాటకి మా ఊరి ఆడవాళ్ళు ఆడిన తీరు నేను మళ్ళీ చూడలేదు. "ఎటు చూసినావమ్మా" అన్నచోట కోలలు దెబ్బల్లా పడ్డాయి. ఎవరికి వాళ్ళు తమ సొంత లెక్కలేవో అమ్మవారిని అడుగుతున్నట్టే ఉంది. చూస్తున్న ముసలమ్మలు ఏడ్చారు. ఆట మొదలవకముందే మాస్టారు మైకు తీసుకుని, ఈ పాట మన బృందమే కట్టుకుంది అని చెప్పారు. నా పేరు చెప్పలేదు.

తరువాత అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఆ పాట ఆడనిచ్చేవాళ్ళు కాదు. నీకు పేరు కావాలా, పాట కావాలా?"

"రెండూ కావాలి."

"రెండూ నా దగ్గర లేవు" అన్నారు.

ఆ రాజీ నాకిప్పటికీ నచ్చలేదు. ఆయన నా కోసం ఎవరితోనూ పోట్లాడలేదు. నా దుఃఖంలోంచి ఒక మంచి పాట పిండుకుని బృందానికిచ్చారు, అంతే. కానీ ఆ రోజు నుంచి నాకు పాట ఆగలేదు. ఎప్పుడైనా ఆగినా భయం వేయలేదు. ముందు వరస దగ్గరికి వెళ్ళి, అందులో నేను నమ్మని మాట ఏదా అని వెతికేదాన్ని. దొరికేది. కోడూరు నుంచి, గుడివాడ నుంచి నాకు ఫోన్లు రావడం మొదలైంది. "అక్కా, మా బృందానికొక పాట" అని అడిగేవాళ్ళు. మిషను మీద జాకెట్లు కుడుతూ, కాలితో తొక్కుతూ, ఆ చప్పుడుకే పాటలు కట్టేదాన్ని. కట్టినవన్నీ ముందు బందరు తీసుకెళ్ళి ఆయనకి చూపించేదాన్ని. కాదు అనిపించుకుని వచ్చేదాన్ని.

మొన్న వేసవి ముందు పెడనలో అడుగులు నేర్పిస్తుండగా ఆయన నోట్లోంచి విజిల్ జారి పడింది. ఆ వెనకే ఆయనా పడ్డారు. గుడివాడలో ఒక ఆస్పత్రిలో ఉంచారు. వాళ్ళబ్బాయికి ఆ ఊళ్ళోనే ఎలక్ట్రికల్ షాపు ఉంది. ప్రాణం దక్కింది కానీ కుడివైపు పడిపోయింది. మాట పోయింది. పూర్తిగా పోయినా బాగుండేది. ఒక్క మాట మిగిలింది. "కాదు."

ఆయన్ని బందరు ఇంటికి తెచ్చాక నేను వెళ్ళేసరికి మాస్టారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలిచే ఆవిడ, మంచం పక్కన గాజుపెంకులు ఏరుతున్నారు. "మంచినీళ్ళా అంటే కాదు అంటారమ్మా. వద్దా అంటే కాదు అంటారు. కాలు నొప్పా అంటే కాదు. ఆయనకేం కావాలో తెలియక నేను ఏదో ఒకటిస్తే కోపమొచ్చి గ్లాసు విసిరేశారు" అని చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మాస్టారు నా వంక చూశారు. పెదవులు కదిపి, ఎంతో చెప్పబోయి, "కాదు, కాదు, కాదు" అన్నారు. జీవితమంతా మా మాటల్ని ఏరి పారేసిన మనిషికి దేవుడు ఆ ఒక్క మాటే మిగల్చడం కంటే పెద్ద ఎగతాళి ఇంకేముంటుంది?

ఏం చెయ్యాలో తెలియక ఆ మంచం పక్కనే కూర్చున్నాను. అమ్మగారు గది ఊడుస్తుంటే అక్కడే మిగిలిన పెంకులు ఏరుతూ, ఆలోచన లేకుండానే ఆయన కట్టిన పాత గోవిందుడి పాట ఒకటి కూనిరాగం తీశాను. రెండో వరసలో ఇంకో గొంతు కలిసింది. తిరిగి చూస్తే మాస్టారు పాడుతున్నారు. మాటలతో పాడుతున్నారు. ఒక్క అక్షరం తడబడకుండా వరసంతా పాడి, పాట ఆగగానే మళ్ళీ "కాదు" లోకి పడిపోయారు. అమ్మగారు చీపురు పట్టుకుని గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చున్నారు. తరువాత డాక్టరుగారు చెప్పారట, తలలో మాట ఉండే చోటు వేరు, పాట ఉండే చోటు వేరు, అక్కడ దెబ్బ తగల్లేదని.

అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. ఆయనకి కావలసినవన్నీ పాటలో పెట్టి ఇస్తే?

నా జీవితంలో అంత కష్టపడి రాసిన పాటలు ఇంకేవీ లేవు. ఒక్కోటి రెండే వరసలు. మొదట అందంగా రాశాను. పన్నీరు, పాలవెల్లి అంటూ ఏదేదో పెట్టాను. ఆయన పాడలేకపోయారు. నా వంక చూసి "కాదు" అన్నారు. అది నిజంగా కాదు అనడమో, ఉన్న ఒక్క మాటా అనడమో నాకు తెలియలేదు. ఆ మాట వినగానే పదేళ్ళ నాటి భయం మళ్ళీ పట్టుకుంది. ఇంటికొచ్చి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. నీళ్ళు అనే మాటని పాటగా రాయలేకపోయాను. ఆఖరికి అర్థమైంది. ఆయనకి కొత్త వరస పట్టుబడదు. నోటికి అలవాటైన వరస ఎత్తుకుంటే, ఆ జోరులో చివర ఒక కొత్త మాట దొర్లించుకుని వెళ్ళగలరు. అలంకారాలన్నీ కొట్టేశాను. ఆయన గోవిందుడి పాట బాణీలోనే కట్టాను. "గొంతెండిపోయింది గోవిందుడా, గుక్కెడు నీళ్ళియ్యి గోవిందుడా." ఇంకోటి, బాత్‌రూముకి వెళ్ళడానికి. "లేవాలి లేవాలి లేపండిరా, దొడ్లోకి పోవాలి లేపండిరా."

చాలా రోజులు పట్టింది నేర్చుకోడానికి. ఆయన గురువు, నేను శిష్యురాలిని అన్నది తిరగబడింది. ఆయన తప్పితే నేను ఆపేదాన్ని. విసుక్కునేదాన్ని కూడా. అమ్మగారు బతిమాలేవారు, ఇవాళ్టికి చాలమ్మా అని. నేను వినేదాన్ని కాదు. ఒక పొద్దున వెళ్ళేసరికి అమ్మగారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "తెల్లారి లేపండిరా అని పాడారమ్మా! పక్క తడవలేదు!" అన్నారు. పెళ్ళిపిల్ల మొహంలా ఉంది ఆవిడ మొహం.

వాళ్ళబ్బాయి గుడివాడ నుంచి వచ్చి చూసి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "మళ్ళీ పాడండి నాన్నా, మళ్ళీ పాడండి" అంటూ ఫోన్లో వీడియో తీసుకున్నాడు. నాన్నకి మాట వచ్చిందని చుట్టాల గ్రూపులో పెట్టాడు. అతని తప్పు ఏమీ లేదు. ఆ గ్రూపులోంచి అది ఎలా బయటికి పోయిందో ఎవరికీ తెలియదు. వారం తిరిగేసరికి నాగమణి పిన్ని నాకే పంపింది, పళ్ళికిలించి నవ్వే బొమ్మలు నాలుగు పెట్టి. వంకర పోయిన మూతి, లుంగీ, పక్కన బకెట్టు, దొడ్లోకి పోవాలి లేపండిరా అని పాడుతున్న మా మాస్టారు. దానికి ఎవడో కింద నవ్వుల చప్పుడు కలిపాడు. ఎవరెవరో దాన్ని పాడుతూ, మంచం మీద పడుకుని చెయ్యి వంకరగా పెట్టి నటిస్తూ వీడియోలు చేశారు. నేను రాసిన పాటల్లో అంతమంది నోళ్ళలో ఆడిన పాట ఇంకోటి లేదు. అదే నా పేరు లేని రెండో పాట.

ఆయనకి తెలియకుండా ఉంటే చాలనుకున్నాం. ఇంట్లో ఫోన్లు దాచాం. కానీ ఒక సాయంత్రం వాళ్ళ వీధిలో పెళ్ళి ఊరేగింపు వచ్చింది. ఆ వేళ నేను అక్కడే ఉన్నాను. డీజే బండి సరిగ్గా వాళ్ళ కిటికీ దగ్గరికొచ్చేసరికి పాట మారింది. దబదబమని మోతల మధ్య మాస్టారి గొంతు. "లేపండిరా, లేపండిరా." వెనకాల వాళ్ళబ్బాయి గొంతుని, "మళ్ళీ పాడండి నాన్నా, మళ్ళీ పాడండి నాన్నా" అని తిప్పితిప్పి వేస్తున్నారు. కుర్రాళ్ళు ఈలలు. ఆ పాడిన మనిషి ఆ గోడ అవతలే ఉన్నాడని వాళ్ళకి తెలియదు. అమ్మగారు పరిగెత్తి కిటికీ తలుపులు వేసేశారు. తలుపులు వేస్తే ఆగే చప్పుడు కాదది. నేను ఆయన చెవుల మీద చేతులు పెట్టబోయాను. ఆయన ఎడమచేత్తో తోసేశారు. బండి వీధి మలుపు తిరిగేదాకా, అంతా విన్నారు.

ఆ తరువాత మాస్టారు పాడలేదు. నీళ్ళు అడగలేదు. లేపమని కూడా అడగలేదు. అమ్మగారు, "తడిసిపోయి అలాగే పడుకుంటున్నారమ్మా. నేనే పట్టి పట్టి చూసుకుంటున్నా. పాడండీ, ఎవరూ లేరు, నేనే ఉన్నా అన్నాను. మొహం గోడవైపు తిప్పేసుకున్నారు" అన్నారు.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు కొత్త పాట తీసుకెళ్ళాను. వేరే బాణీ. ఎవరూ వినని మాటలు. మంచం పక్కన కింద కూర్చుని చెప్పాను. "పాట ఆగిందంటే వెనక్కెళ్ళి చూసుకోమన్నారుగా. చూసుకున్నానండీ. తప్పు నాదే. నలుగురికీ నవ్వొచ్చేట్టు రాశాను. మార్చుకొచ్చాను. ఒక్కసారి వినండి."

పాడటం మొదలుపెట్టాను. ఒక వరస అయ్యిందో లేదో, ఆయన ఎడమచెయ్యి చాచి నా నోటి మీద పెట్టారు. గట్టిగా కాదు. అమృతాంజనం వాసన. నేను ఆగేదాకా అలాగే ఉంచారు. "కాదు" అన్నారు. ఆ జబ్బు చేసినప్పటి నుంచి ఆయనన్న కాదుల్లో, అది మాత్రం ఏ అనుమానమూ లేని కాదు.

అది జరిగిన కొద్దిరోజులకే పోయారు.

పెద్దకర్మకి వాళ్ళ వీధిలో షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ బృందాలన్నీ తెల్లచీరల్లో వచ్చాయి. "మాస్టారి మీద పాట నువ్వే రాయాలమ్మాయ్" అని నాగమణి పిన్ని ముందే చెప్పింది. కూర్చున్నాను. పల్లవి వచ్చింది. చరణం రాలేదు. వెనక్కెళ్ళి పల్లవి చూశాను. అందులో నేను నమ్మని మాట ఒక్కటి కూడా కనబడలేదు. ఇంక ఎక్కడ చూడాలో ఆయన చెప్పలేదు. ఉన్నదే తీసుకెళ్ళి ఇచ్చాను. "పల్లవే తిప్పి తిప్పి పాడదాంలే" అంది పిన్ని.

నేను ఎప్పట్లాగే ఆటలోకి దిగకుండా మైకు దగ్గర నిలబడి పాట అందుకున్నాను. వీధికి అడ్డంగా ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతున్నారు. అమ్మగారు ఫొటో పక్కన కుర్చీలో, చుట్టాల మధ్య కూర్చుని ఉన్నారు. కాసేపటికి లేచారు. లోపలికి వెళ్తారనుకున్నాం. దారిలో ఎవరో అలిసిపోయి పక్కన పెట్టిన కోలలు రెండూ తీసుకుని ఆ గుండ్రం లోపలికి నడిచారు. ఆవిడ జన్మలో ఎప్పుడూ కోల పట్టిన మనిషి కాదు. ఒకావిడ ఆగింది. పక్కావిడ ఆగింది. కోలలు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. "అమ్మగారూ, మీరు ఇవాళ..." అని పిన్ని ఏదో అనబోయి మానేసింది. ఎవరూ కోల ఎత్తలేదు. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, ఎవరైనా వచ్చి తగిలిస్తారేమోనని నడివీధిలో అలాగే నిలబడ్డారు.

నేను మైకు కింద పెట్టేశాను. పిన్ని చేతిలో కోలలు లాక్కుని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. మైకు లేకుండానే పల్లవి ఎత్తుకున్నాను. ఆవిడ కొట్టారు. మొదటిది కోలకి తగిలింది. రెండోది నా వేళ్ళ మీద పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత దెబ్బ. ఆవిడకి తాళం తెలియదు. ఎక్కడ కొడుతున్నారో కూడా చూసుకోవడం లేదు. మూడోది కూడా వేళ్ళ మీదే పడింది. నేను చేతులు దించలేదు. ఆవిడా దించలేదు.